ఒకరి చుట్ట – పదుగురి ఊపిరి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

గ్రంథాలయ రజతోత్సవమునందు కావ్యములను గూర్చియో, కవులను గూర్చియో ప్రసంగింపక పొగను గూర్చి ప్రసంగించుట యేమి యని కొందరికి తోచవచ్చును. కాని పఠనమందిరమున పాఠకులందరికిని సమానముగా చెందిన వస్తువులు మూడు గలవు: వెలుతురు, నిశ్శబ్దము, గాలి. దీపమునకు అడ్డముగా నిలుచువానిని ప్రక్కకు తొలగుమందురు. బిగ్గరగా మాటలాడువానిని మెల్లగా మాటలాడుమందురు. గాలిని చెరచువానిని మాత్రము చిరకాలము ఎవ్వరును ఏమియు అనలేదు. మొగమాటము కొంత కారణము. ఆ గాలిలో ఏమి కలియుచున్నదో తెలియకుండుట పెద్ద కారణము. ఇప్పుడది తెలిసినది. తూచి, కొలిచి, లెక్క వ్రాసి చూపిన విషయమైనది. ఆ లెక్కను సభాసదుల యెదుట విప్పి చూపుటయే ఈ ఉపన్యాసమునకు ప్రయోజనము.

చుట్ట కాల్చువారిని మందలింపబోయినచో సాధారణముగా వచ్చు సమాధానమొకటి గలదు: "డబ్బు నాది, ఒళ్లు నాది, నడుమ నీకేమి?" వినుటకు ఈ మాట న్యాయముగనే తోచును. ఎవని పొలమున వాడు ఏ పైరు వేసికొనిన నెవరికేమి? కాని పొలమునకు గట్టు కలదు, గాలికి గట్టు లేదు. ఒకని చేనిలోని మురుగునీరు పొరుగువాని చేనిలో పడినచో తగవు పెద్దమనుష్యుల యొద్దకు వచ్చును. ఒకని నోటి పొగ పొరుగువాని ఊపిరితిత్తులలో పడినచో ఏ పెద్దమనుష్యుని యొద్దకును రాదు. అనుభవము ఒకరిదియు, బాకీ మరియొకరి పేరను వ్రాసినట్లున్నది ఈ వ్యవహారము. అట్టి పద్దు ఏ గ్రామలెక్కలలోను చెల్లదు గదా!

సిగరెట్టు గాని, బీడీ గాని, చుట్ట గాని వెలిగింపబడినప్పుడు పొగ రెండు త్రోవల బయలుదేరును. కాల్చువాడు దమ్ము లాగినప్పుడు అతని లోనికి పోవునది యొకటి. దమ్మునకు దమ్మునకు నడుమ, వ్రేళ్ల సందున ఊరక కాలుచున్న నిప్పుకొన నుండి నేరుగా గాలిలోనికి లేచునది రెండవది. దమ్ము లాగునప్పుడు సిగరెట్టు నిప్పు రాజుకొని దాని వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఎక్కును. ఊరక యున్నప్పుడు ఆ వేడి తగ్గి, ఆకు సగము కాలియు సగము కాలకయు మసలుచుండును. తడికట్టెలు పొయ్యిలో పెట్టిన ఇల్లాలికి తెలిసిన సంగతియే: సరిగా మండని నిప్పునకే పొగ ఎక్కువ. కావుననే ఈ రెండవ పొగలో అనేక విషద్రవ్యములు, తూకమునకు తూకము చూచినచో, మొదటి పొగలోకంటె హెచ్చుగా నుండునని రసాయన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాల్చువాడు తిరిగి విడిచిన పొగయు దీనితో కలియును. ఇట్లు కలిసినదే ప్రక్కవారు పీల్చు పొగ. అందు ఎక్కువ పాలు నిప్పుకొన నుండి లేచినదే. సిగరెట్టునకు అమర్చు ఫిల్టరు కాల్చువాని నోటివైపున నుండును. ప్రక్కవానివైపున ఏ జల్లెడయు లేదు.

పొగ యనగా ఆవిరివంటిదనియు, కంటికి కనబడక పోగానే పోయినట్లేననియు పలువురి భావము. పొగలో వాయువులతో పాటు లెక్కకు మిక్కిలియైన సూక్ష్మరేణువులు గాలిలో తేలుచుండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు మైక్రాన్ అని పేరు. తలవెంట్రుక మందము సుమారు 50 మొదలు 70 మైక్రాన్లు. పొగాకు పొగలోని రేణువులలో అధికభాగము ఒక్క మైక్రానుకంటెను చిన్నవి. రెండున్నర మైక్రాన్లును అంతకు లోపునుగల ధూళిని శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని వ్యవహరింతురు. నేడు పట్టణముల గాలిని కొలుచు యంత్రములు ముఖ్యముగా కొలుచునది ఈ ధూళినే.

ఇంత చిన్నదానితో భయమేమి యని యడుగవచ్చును. చిన్నదగుటయే దాని బలము. కళ్లములో తూర్పారబట్టునప్పుడు లేచు ఊకదుమ్ము, బండ్లబాటను లేచు ఎఱ్ఱదుమ్ము చాలవరకు ముక్కులోని వెంట్రుకలకును జిగురునకును చిక్కుకొని, తుమ్ముతోనో దగ్గుతోనో బయటపడును. ముక్కును గొంతును జల్లెడవంటివి. జల్లెడ రాళ్లను ఆపును గాని పిండిని ఆపదు. ఈ సూక్ష్మధూళి గొంతు దాటి, శ్వాసనాళములు దాటి, ఊపిరితిత్తుల అడుగున రక్తమునకు ప్రాణవాయువు నందించు గాలితిత్తులవరకు చేరును. చేరునది ఒట్టి ధూళి కాదు; దానిని అంటిపెట్టుకొని తారును, క్యాన్సరు పుట్టించు ద్రవ్యములును అచ్చటికే చేరును.

ఇక లెక్క. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తు గల గదిని తలచుకొనుడు. పల్లెలలో నడిమితరగతి యింటి పడకగది ఇంచుమించు అంతే. దాని ఘనఫలము 1200 ఘనపుటడుగులు. అనగా సుమారు 34 ఘన మీటర్లు. ఒక సిగరెట్టు కాలిపోవులోపల దాని నుండి గదిగాలిలో చేరు సూక్ష్మధూళి ఉజ్జాయింపుగా 10 మిల్లీగ్రాములు. ఆవగింజయెత్తు నాలుగైదింతలు ఉండునేమో! ఇంత స్వల్పమా యని తోచును. కాని గాలి ధూళిని తూచు తూకపురాయి మిల్లీగ్రాము కాదు, మైక్రోగ్రాము. పది మిల్లీగ్రాములనగా పదివేల మైక్రోగ్రాములు. దానిని 34 చేత భాగించినచో ప్రతి ఘన మీటరు గాలికిని సుమారు 290 మైక్రోగ్రాములు వచ్చును. కిటికీలు మూసిన గదిలో ఒక్క సిగరెట్టు చేయు పని ఇది.

ఈ 290 ఎక్కువో తక్కువో తెలియుటకు వేరొక సంఖ్య కావలెను. భారత ప్రభుత్వము 2009వ సంవత్సరమున ప్రకటించిన గాలి ప్రమాణముల ప్రకారము ఇరువదినాలుగు గంటల సగటున పి.ఎం. 2.5 ధూళి ఘన మీటరునకు 60 మైక్రోగ్రాములు మించరాదు. సంవత్సరపు సగటున 40 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణము మరింత కఠినమైనది: దినపు సగటు 15, సంవత్సరపు సగటు 5. ఒక గడియ గాలిని దినమంతటి సగటుతో పోల్చుట పూర్తిగా సరిగాదని లెక్క తెలిసినవారు అనవచ్చును. నిజమే. అట్లయిన గడియలు గూడ లెక్కింతము అన్నచో, గంటకొకమారు గాలి మారునట్టి గదిలో ఆ 290 ఒక గంటకు సుమారు 108గాను, రెండు గంటలకు సుమారు 40గాను నిలుచును. అంతలో రెండవ సిగరెట్టు వెలుగును. పాత నిల్వపై కొత్త జమ పడును. రాత్రి తొమ్మిది గంటలకు గృహస్థుడు చుట్ట ఆర్పి నిదురించినను, ఉయ్యాలలోని బిడ్డ పదునొకండు గంటలవరకు ఆ పొగనే పీల్చుచుండును.

కాగితముపై లెక్క ఇట్లుండగా, కన్నులార కొలిచి చూచినవారును గలరు. 2004లో ప్రకటింపబడిన యొక ఇటలీ దేశపు పరిశోధనము ఇట్టిది. ఉత్తర ఇటలీలో స్వచ్ఛమైన గాలి గల యొక చిన్న కొండపట్టణమున, 60 ఘన మీటర్ల కారుషెడ్డులో నొక డీసెలు మోటారును అరగంటసేపు నడిపి గాలిలోని ధూళిని కొలిచిరి. పిమ్మట తలుపులు తెరచి గాలి శుభ్రపడిన తరువాత, అదే షెడ్డులో మూడు సిగరెట్లను ఒకదాని వెంట నొకటిగా అరగంటసేపు కాలనిచ్చి మరల కొలిచిరి. మోటారు నడిపిన మొదటి గంటలో ధూళి ఘన మీటరునకు 88 మైక్రోగ్రాములు. సిగరెట్లు కాలిన మొదటి గంటలో 830. ఇంచుమించు పదిరెట్లు. ఆ మోటారు కొత్తరకపుది. దానికి పోసిన నూనె గంధకము తక్కువగా నున్నది. కావున మోటారు పొగ మంచిదని ఎవ్వరును భ్రమపడరాదు. ఇంత మాత్రము గ్రహించిన చాలును: పడకగదిలో మోటారు నడుపుమనిన ఏ తండ్రియు ఒప్పుకొనడు, అదే గదిలో సిగరెట్టు వెలిగించుటకు సందేహింపడు.

పొగ పరులకు హాని చేయునన్న యెఱుక ఈ దేశమునకు కొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పండ్రెండవ అధ్యాయమందు, పొగ పీల్చి పీడితుడైన వానికి "ధూమోపహతుడు" అని పేరు పెట్టి, ఆయాసము, తుమ్ములు, దగ్గు, కన్నుల మంట, వాసన తెలియకుండుట మున్నగు లక్షణములను చెప్పి, చికిత్సయు చెప్పినారు. ఆ పొగ పొగాకుది కాదు, అగ్ని పొగ. చరకసంహితలో ధూమపానము విధింపబడియున్నది గదా యని చుట్టప్రియులు కొందరు వాదింతురు. ఆ ధూమవర్తులు ఓషధులతో చేసినవి. వానికి వేళలు, మితము విధించి, మితము మీరినచో గలుగు దోషములను గూడ ఆ గ్రంథమే చెప్పినది. పొగాకు మొక్క అమెరికా ఖండమునకు చెందినది. పోర్చుగీసు వర్తకుల కాలమున నీ దేశమునకు వచ్చినది. చరకునకు దానిని చూచు అవకాశమే లేదు. పొగచెట్టు పుట్టుకను అమృతముతో ముడిపెట్టిన పద్యము గురజాడవారి కన్యాశుల్కమున నున్నమాట వాస్తవమే. శిష్యునకు చుట్ట నేర్పు గిరీశమును ప్రమాణముగా తీసికొనువారికి మాత్రమే అది ప్రమాణము.

భాగవత దశమస్కంధమున కాళియమర్దన ఘట్టము ఎల్లరకు తెలిసినదే. కాళియుని విషముచేత మడుగునీరు సలసల క్రాగుటయే గాక, దానిమీదుగా నెగిరిన పక్షులును కూలిపడెనని కథ. ఆ పక్షులు మడుగునీరు త్రాగలేదు. ఆ గాలిలో ఎగిరిన పాపమే వానిది. ఈ కాలమున అట్టి పక్షులెవ్వరని విచారించి, లెక్కించి చూపినవాడు జపాను దేశపు వైద్యుడు తకేషి హిరయామ.

హిరయామ తోక్యో నగరమందలి జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థలో పనిచేసినవాడు. జపానులో భర్తలు విరివిగా సిగరెట్లు కాల్చుటయు, భార్యలలో కాల్చువారు బహుకొద్దిమందియై యుండుటయు ఆయనకు పరిశోధనావకాశమైనది. 29 ఆరోగ్యకేంద్రముల పరిధిలో, నలువది యేండ్లు పైబడి, ఎన్నడును పొగత్రాగని 91,540 మంది గృహిణులను 1966 మొదలు 1979 వరకు పదునాలుగు సంవత్సరములు గమనించెను. భర్త పొగత్రాగనివాడైన గృహిణులతో పోల్చిచూచినచో, దినమునకు ఇరువదియో అంతకు మించియో సిగరెట్లు కాల్చు భర్తలు గల గృహిణులలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు సుమారు రెండింతలుగా నుండెను. భర్త తక్కువ కాల్చినచోట హానియు తక్కువ. ఎక్కువ కాల్చినచోట హానియు ఎక్కువ. ఈ భేదము వ్యవసాయ కుటుంబములలో మరింత ప్రస్ఫుటముగా కనబడెను. భర్త సిగరెట్లకును భార్య కడుపు క్యాన్సరునకును మాత్రము సంబంధము కనబడలేదు. అనగా ఆ యిండ్లలో వేరేదో సర్వసామాన్యమైన లోపముండెనన్న మాట కుదరదు; పొగ తగిలినచోటనే దెబ్బ తగిలినది. ఈ ఫలితము 1981 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వెలువడెను. ఆ సంవత్సరమే గ్రీసు దేశమున ఏథెన్సు నగరపు పరిశోధకులును ఇట్టి ఫలితమునే ప్రకటించిరి.

సిగరెట్టును తాకియైన నెరుగని స్త్రీలు వారు. వంటయింటిలోనో, పొలములోనో పనిచేసికొని, రాత్రివేళ భర్త ప్రక్కన కూర్చుండుటయే వారు చేసినది.

పొగాకు వ్యాపారులు ఈ ఫలితమును సహింపలేదు. అమెరికాలోని వారి సంఘము హిరయామ లెక్కలు తప్పని పత్రికలలో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించెను. తరువాత 1990 దశకమున న్యాయస్థానముల మూలమున ఆ వ్యాపారుల ఆంతరంగిక పత్రములు బయటపడినప్పుడు, వారు నియమించుకొన్న నిపుణులే హిరయామ నిర్ణయము సరియైనదని లోలోపల చెప్పియుండిరని లోకమునకు తెలిసెను. ఈలోపల వేరువేరు దేశములలో పరిశోధనములు పెరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించిన గ్రంథమున పరుల పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ధారించెను. 2006లో అమెరికా సర్జన్ జనరల్ తన నివేదికలో, ఇంత పీల్చిన ప్రమాదము లేదని చెప్పదగిన పరిమితియే లేదని వ్రాసెను.

క్యాన్సరు పేరు వినగానే భయపడువారు గుండెను మరతురు. లెక్కకు వచ్చుసరికి ఎక్కువ ప్రాణములు గుండెజబ్బుచేతనే పోవుచున్నవి. పరుల పొగ కొలదిసేపు పీల్చినను, రక్తనాళముల లోపొర సరిగా సాగు గుణము తగ్గును. రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చును. 2011లో లాన్సెట్ వైద్యపత్రికయందు ప్రకటింపబడిన గణనము ప్రకారము, 2004వ సంవత్సరమొక్కదానిలో లోకమంతట పరుల పొగ మూలమున మరణించినవారు సుమారు 6,03,000 మంది. వీరిలో గుండె రక్తనాళముల జబ్బుచేత పోయినవారు 3,79,000 మంది; న్యుమోనియావంటి శ్వాసకోశవ్యాధులచేత పోయినవారు 1,65,000 మంది; ఉబ్బసముచేత 36,900 మంది; ఊపిరితిత్తుల క్యాన్సరుచేత 21,400 మంది. మృతులలో నూటికి 47 వంతులు స్త్రీలు, 28 వంతులు పిల్లలు. పిల్లలు పెద్దలకంటె త్వరత్వరగా ఊపిరి పీల్తురు. శరీరపు తూకమునుబట్టి చూచినచో వారు పీల్చు గాలి ఎక్కువ. వారి శ్వాసనాళములు ఇరుకు. పెద్దలవలె లేచి బయటికి పోవుటకును వారికి స్వతంత్రము లేదు. చెవిపోటు, మాటిమాటికి వచ్చు దగ్గు, ఉబ్బసము హెచ్చుట, శిశువులు నిదురలోనే హఠాత్తుగా మరణించుట—వీనికి పరుల పొగతో సంబంధము నిర్ధారింపబడినది.

పల్లెలలో వినవచ్చు ఆక్షేపణ మరియొకటి గలదు. "కట్టెలపొయ్యి పొగ తరతరములుగా పీల్చుచుంటిమి, ఒక చుట్టపొగ ఏపాటి?" అని. పొయ్యి పొగయు హానికరమే. అందును ఈ సూక్ష్మధూళియే కలదు. ఒక అప్పు ఉన్నంతమాత్రమున రెండవ అప్పు తీరిపోదు. రెండును కలిసి వడ్డీ పెరుగును. పైగా పొయ్యి లేకున్న నాడు వంట లేదు. చుట్ట లేకున్న ఏ యింటను పస్తులుండరు.

వ్యాధి యింతటిదైనను మందు మిక్కిలి సులభము. అందుకు నిదర్శనము స్కాట్లండు దేశము. అచ్చటి మద్యశాలలలో జనము గుమిగూడి గంటల తరబడి సిగరెట్లు కాల్చుట వాడుక. 2006 మార్చి 26వ తేదీ మొదలుకొని, కప్పుగల బహిరంగస్థలములలో పొగత్రాగరాదని అచ్చటి ప్రభుత్వము శాసించెను. ఎడింబరో, ఆబర్డీన్ నగరములలోని 41 మద్యశాలలలో పరిశోధకులు శాసనమునకు ముందును, రెండు నెలల తరువాతను గాలిని కొలిచిరి. ముందు సగటున ఘన మీటరునకు 246 మైక్రోగ్రాములున్న సూక్ష్మధూళి, తరువాత 20కి దిగెను. ఒక్క యంత్రము కొనలేదు, ఒక్క గోడ కూల్చలేదు. నిప్పు ఆరినది, గాలి బాగుపడినది. అంతటితో ఆగలేదు. తొమ్మిది ఆసుపత్రులలో గుండెపోటు మున్నగు ఆకస్మిక గుండెవ్యాధులతో చేరిన రోగుల సంఖ్య, శాసనమునకు ముందటి పది నెలలలో 3,235 ఉండగా, తరువాతి సంవత్సరము అదే నెలలలో 2,684 అయ్యెను. నూటికి 17 వంతులు తగ్గినది. ఆ తగ్గుదలలో మూడింట రెండువంతులు పొగత్రాగనివారిదే!

ఈ దేశమునను శాసనము వెనుకబడలేదు. 1999 జూలై 12వ తేదీన కేరళ ఉన్నత న్యాయస్థానము బహిరంగస్థలములలో పొగత్రాగుట చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. 2001 నవంబరు 2వ తేదీన మురళీ దేవరా వేసిన వ్యాజ్యముపై సర్వోన్నత న్యాయస్థానము దేశమంతటను అట్టి నిషేధమునకు ఉత్తరువిచ్చెను. 2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులను గూర్చి చట్టము చేసెను; 2008 అక్టోబరు 2వ తేదీ, గాంధీజయంతినాడు, బహిరంగస్థలములకు సంబంధించిన నియమములు అమలులోనికి వచ్చెను. ఆ చట్టము బహిరంగస్థలములను పేరుపేరున చెప్పునప్పుడు ఆసుపత్రులు, రైల్వే విశ్రాంతిగదులు, న్యాయస్థానములు, విద్యాలయములతో పాటు గ్రంథాలయములను గూడ చెప్పినది. నియమము మీరినవారికి రెండువందల రూపాయల వరకు జరిమానా. అదే చట్టము పదునెనిమిది యేండ్లు నిండని వారికి సిగరెట్లు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూరుగజముల లోపల అమ్మరాదనియు విధించినది. చట్టమును, నియమములును ఈ గ్రంథాలయము నడచిన పాతికేండ్లలోనే పుట్టినవి. చదువుగది గోడకు వ్రేలాడు "పొగత్రాగరాదు" అను పలక అలంకారము గాదు. దాని వెనుక ఇంత చరిత్ర గలదు.

అయితే చట్టమునకు గడప గలదు. అది యింటి గడప దాటి లోనికి రాదు. 2009–10లో జరిగిన జాతీయ సర్వేక్షణమున ఈ దేశపు వయోజనులలో నూటికి 52 మంది యింటిలోనే పరుల పొగ పీల్చుచుండిరి. 2016–17 నాటికి ఆ సంఖ్య 39కి దిగినది. దిగుట సంతోషమే. అయినను ఐదుగురిలో ఇద్దరు తమ సొంతయింటిలోనే ఇట్లు పొగ పీల్చినట్లు ఆ లెక్క. వారిని కాపాడువారెవ్వరు?

ఈ ప్రశ్న కఠినమైనది. మామగారు పడకకుర్చీలో కూర్చుండి చుట్ట వెలిగించినప్పుడు, చంటిబిడ్డను ఎత్తుకొన్న కోడలు "మామయ్యగారూ, బయటికి వెళ్లండి" అనగలదా? పదియేండ్ల బాలుడు తండ్రిని అడ్డగింపగలడా? ఆఫీసు గదిలో గుమాస్తా పై అధికారిని మందలింపగలడా? గౌరవము, భయము, చనవు లేకుండుట వారి నోళ్లను మూయించును. నోరు మూసికొన్నను ముక్కు మూసికొన వీలులేదు. అందుచేత ఈ నియమము క్రిందివారు అడిగి పొందవలసినది గాదు. పైవారు అడుగకయే ఈయవలసినది. ఇంటికి పెద్ద యనిపించుకొనుటకు ఇంతకంటె తగిన గుర్తు వేరొకటి యుండునా?

ఆచరణము చెప్పవలెనన్నచో నాలుగు మాటలు చాలును. ఇంటికప్పు క్రింద నిప్పు వెలిగింపరాదు. ఇది మొదటి నియమము, ఇందు మినహాయింపులు లేవు. పంచలోనో, అరుగుపైనో కాల్చినను, తెరచిన కిటికీగుండ పొగ లోనికే వచ్చును. కావున గోడలకు దూరముగా పోవలెను. పంకా తిప్పినచో పొగ పోదు, గదియంతట సమముగా పంచబడును. గదిలో నొక మూల పొగత్రాగువారికని విడిచి తక్కిన మూలలు శుభ్రమనుకొనుట, చెరువులో నొక మూల మురికి కలిపి తక్కిన చెరువు మంచినీరనుకొనుటవంటిది. కారులోను ఆటోలోను కాల్చుట మరింత హాని. గది చిన్నదైనకొలది లెక్కలో భాగహారము చిన్నదగును, పొగ చిక్కబడును. అతిథికి మంచినీళ్లు, తాంబూలము ఇచ్చుట మర్యాద. బూడిదగిన్నె తెచ్చిపెట్టుట మర్యాదలో చేరదు. అన్నిటికంటె మేలైనది అలవాటును పూర్తిగా మానుట. అందుకు సాయము కోరువారి కొరకు కేంద్ర ఆరోగ్యశాఖ 1800-11-2356 అను సంఖ్యతో ఉచిత టెలిఫోను సేవను నెలకొల్పినది.

ఈ మాటలు పొగాకు రైతును నిందించుటకు గావు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వేలకొలది కుటుంబములు ఆ పంటపై బ్రతుకుచున్నవి. పొగాకు బోర్డు కార్యాలయమును గుంటూరులోనే కలదు. బ్యారన్లలో ఆకు కాల్చు కూలీల శ్రమను ఎవ్వరును తక్కువ చేయరాదు. పంట సంగతి వేరు, పడకగది సంగతి వేరు. ఆ రైతు యింటిలోను పసిబిడ్డ యుండును. ఆ బిడ్డ ఊపిరితిత్తులకును గాలితిత్తులు అంతే సన్ననివి. చుట్ట పండించినవాడును ఆ బిడ్డ ప్రక్కన దానిని వెలిగింపకుండుటకు ఏ పంటనష్టమును లేదు.

గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దలు కోరినది పుస్తకముల బీరువాలు నిండుట మాత్రమే కాదు. చదివిన మాట ఇంటికి చేరవలెనని. ఈ రాత్రి సభ ముగిసి యెవరింటికి వారు చేరినప్పుడు, ఒక్క యింటనైనను చుట్ట వెలిగింపబోయిన చేయి ఆగి, ఉయ్యాలవైపు చూచి, వీధిలోనికి నడచినచో, ఈ రజతోత్సవమున చదివిన లెక్క ఒక యింట జమకు వచ్చినట్లే. చదువుగదికి చట్టము కావలి యున్నది. పడకగదికి ఇంటిపెద్ద మనస్సే కావలి.

గ్రంథాలయమునకును, గ్రామప్రజలకును ఆయురారోగ్యాభివృద్ధి యగుగాక.

స్వస్తి.